వెంబ్లీ స్టేడియం: కట్టిన కథ, కూల్చిన కథ, మళ్లీ కట్టిన కథ – తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో మేముండే హ్యారో నుంచి మెట్రోపాలిటన్ లైన్ ఎక్కితే మూడో స్టేషన్ వెంబ్లీ పార్క్. ఊరి నుంచి చుట్టాలెవరొచ్చినా, రైలు కిటికీలోంచి ఆ తెల్లటి పెద్ద వంపు కనపడగానే "అదేంటి, బ్రిడ్జా?" అని మొదలుపెడతారు. ఇక అక్కణ్నుంచి ప్రశ్నలు ఆగవు. అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్పి చెప్పి, రాసి పెట్టేస్తే ఒక పనైపోతుంది కదా అని కూర్చున్నాను. కొన్నిటికి పొడుగ్గా చెప్పాను, కొన్నిటికి రెండు ముక్కల్లో తేల్చేశాను. ఏది ఎంత చెప్పాలనేది నా ఇష్టం.

ఇది ఏ క్లబ్ గ్రౌండ్? ఇక్కడ క్రికెట్ ఆడతారా?

ఏ క్లబ్‌దీ కాదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌ది. ఇక్కడ అందరూ ఎఫ్‌ఏ అంటారు. ఇంగ్లండ్ జట్టు సొంతగడ్డ మీద ఆడే పెద్ద మ్యాచ్‌లు, ఇంగ్లండ్ క్లబ్‌లు ఏటా పోటీపడే ఎఫ్‌ఏ కప్ ఫైనల్ జరిగేది ఇక్కడే. 90,000 సీట్లు. బ్రిటన్‌లో ఇంతకన్నా పెద్ద స్టేడియం లేదు. టాటెన్‌హామ్ క్లబ్ తన కొత్త గ్రౌండ్ కట్టుకునేటప్పుడు మాత్రం 2017 నుంచి 2019 దాకా ఇక్కడ అద్దెకున్నట్టు ఆడుకుంది.

క్రికెట్ లేదు. 1983లో కపిల్ దేవ్ కప్పు ఎత్తింది లార్డ్స్‌లో. అది వేరే చోటు, వేరే రైలు. మా బాబాయి ఒకాయన వెంబ్లీ గేటు దాకా వచ్చాక ఈ సంగతి తెలిసి మొహం వేలాడేశారు. అందుకే ముందే చెబుతున్నాను.

స్టేడియం కట్టకముందు అక్కడ ఏముండేది?

ఒక సగం టవర్. మేమిప్పుడు ఎక్కే మెట్రోపాలిటన్ లైన్ అప్పట్లో ప్రైవేటు రైల్వే కంపెనీ. దాని ఛైర్మన్ సర్ ఎడ్వర్డ్ వాట్కిన్. 1889లో పారిస్‌లో ఐఫిల్ టవర్ లేచింది కదా, దాన్ని మించి కట్టి తీరాలన్నది ఈయన పట్టుదల. వెనక ఉన్నది వ్యాపారమే. ఊరి చివర టవర్ ఉంటే జనం చూడ్డానికి వస్తారు, రావాలంటే తన రైలే ఎక్కాలి. 350 మీటర్ల పైచిలుకు ఎత్తు అనుకున్నారు. 47 మీటర్ల దగ్గర, అంటే మొదటి అంతస్తు దగ్గరే పని ఆగిపోయింది. నేల కుంగింది, డబ్బు అయిపోయింది. 1901లో ఆయన పోయారు, 1907లో మిగిలిన ఇనుమును డైనమైట్ పెట్టి పడగొట్టారు. జనం దానికి 'వాట్కిన్ పిచ్చి' అని పేరు పెట్టుకున్నారు.

సరిగ్గా ఆ చోటే తర్వాత స్టేడియం వచ్చింది. ఇంకో వందేళ్లకు కొత్త స్టేడియం కోసం నేల తవ్వితే ఆ టవర్ కాంక్రీటు పునాదులు బయటపడ్డాయి.

మొదటి స్టేడియాన్ని నిజంగా 300 రోజుల్లో కట్టారా?

కట్టారు. 1924లో జరగబోయే బ్రిటిష్ ఎంపైర్ ఎగ్జిబిషన్ కోసం కట్టింది కాబట్టి ఎంపైర్ స్టేడియం అని పేరు. ఐదో జార్జి రాజుగారు మొదటి గడ్డి పెళ్ల తవ్వారు, 300 పనిదినాల్లో పూర్తయింది, ఖర్చు ఏడున్నర లక్షల పౌండ్లు. కాంక్రీటు అప్పటికి కొత్త మోజు. సింప్సన్, ఏర్టన్ అనే ఆర్కిటెక్టులు, ఓవెన్ విలియమ్స్ అనే ఇంజనీరు కలిసి మొత్తం దానితోనే లేపారు. ముందువైపు రెండు తెల్ల టవర్లు, నెత్తిన గుమ్మటాలు, పైన జెండా కర్రలు. ఒక్కోటి 38 మీటర్లు. ఆ గుమ్మటాలు ఇండియాలో బ్రిటిష్‌వాళ్లు కట్టుకున్న సర్కారు భవనాల్ని గుర్తుచేస్తాయని నాకు పాత ఫోటోలు చూసినప్పుడల్లా అనిపిస్తుంది. సామ్రాజ్యం గొప్ప చెప్పుకోడానికి పెట్టిన ఎగ్జిబిషన్ కదా, ఆ వాసన ఎక్కడికి పోతుంది.

ప్రారంభ మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు పని అయింది. ఆ తొందరకు ఫలితం ఏంటో కింద ప్రశ్నలో ఉంది.

తెల్లగుర్రం కథేంటి?

1923 ఏప్రిల్ 28. ఎఫ్‌ఏ కప్ ఫైనల్, బోల్టన్‌కి వెస్ట్ హామ్‌కి. స్టేడియంలో 1,27,000 మంది పడతారు, ఎందుకు నిండదులే అని టికెట్లు గేటు దగ్గరే అమ్మారు. జనం తండోపతండాలుగా వచ్చిపడ్డారు. గేట్లు మూసేస్తే గోడలెక్కి దూకారు. అధికారిక లెక్క 1,26,047. లోపలికి దూరింది రెండు లక్షల పైనే అని అంచనా. మ్యాచ్ టైమ్‌కి మైదానం మీద గడ్డి కనపడలేదట, మొత్తం తలలే.

గుర్రపు పోలీసుల్ని దింపారు. వాళ్లలో జార్జ్ స్కోరీ అనే కానిస్టేబుల్, ఆయన గుర్రం బిల్లీ. నిజానికి బిల్లీది బూడిద రంగు. అప్పటి నలుపు తెలుపు ఫిల్మ్‌లో తెల్లగా పడింది, దాంతో ఒక్క గుర్రమే లక్షల జనాన్ని వెనక్కి నెట్టినట్టు పేరొచ్చేసింది. మిగతా గుర్రాల పాపం ఎవరికీ పట్టలేదు. జనాన్ని గీత దాకా జరిపి, 45 నిమిషాలు ఆలస్యంగా ఆట మొదలుపెట్టారు. గీత పక్కనే జనం గోడలా నిలబడి ఉన్నారు. రెండో నిమిషంలోనే బోల్టన్ ఆటగాడు డేవిడ్ జాక్ గోల్ కొట్టాడు. ఆ టైమ్‌లో వెస్ట్ హామ్ ఆటగాడొకరు త్రో వేయడానికి పోయి, జనంలో ఇరుక్కుని బయటికి రాలేకపోయాడట. బోల్టన్ 2-0తో గెలిచింది.

ఆ మర్నాటేడు నుంచి ఫైనల్‌కి ముందే టికెట్ కొనుక్కోవాలనే రూల్ వచ్చింది. స్కోరీకి ఆ తర్వాతి ఫైనల్స్‌కి ఫ్రీ టికెట్లు ఇచ్చేవారు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేదు, వెళ్లలేదు. ఇప్పుడు స్టేడియం దగ్గర రైలు పట్టాల మీదుగా ఉన్న నడక వంతెన పేరు వైట్ హార్స్ బ్రిడ్జి. ఆ పేరు జనం ఓట్లేసి ఎంచుకున్నారు.

ఎగ్జిబిషన్ అయిపోయాక పడగొట్టాల్సింది కదా, ఎలా మిగిలింది?

కుక్కల పుణ్యం. ఇది వేళాకోళం కాదు.

ఎగ్జిబిషన్ 1925లో ముగిసింది. అక్కడి షెడ్లు, పెవిలియన్లు పాత సామానుకి పోయాయి. వాటిని కొని, పడగొట్టి, ముక్కలుగా అమ్ముకున్నవాళ్లలో ఆర్థర్ ఎల్విన్ ఒకడు. అదే ఎగ్జిబిషన్‌లో సిగరెట్ల కొట్లో పనిచేసినవాడు. 1927లో స్టేడియం కూడా తుక్కు కిందకి పోయే పరిస్థితి వచ్చింది. ఎల్విన్ వాయిదాల మీద దాన్ని కొని నిలబెట్టాడు. ఏడాదికొక కప్ ఫైనల్‌తో ఖర్చులు గిట్టుబాటు కావని తెలుసు. మైదానం చుట్టూ ట్రాక్ వేసి గ్రేహౌండ్ కుక్కల పందాలు పెట్టించాడు. పందెం కాసేవాళ్లు వారం వారం వచ్చారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు వెంబ్లీకి అన్నం పెట్టింది ఫుట్‌బాల్ కాదు, ఆ కుక్కలే.

దాని దర్జా ఎంతంటే, 1966 ప్రపంచ కప్‌లో ఉరుగ్వే, ఫ్రాన్స్ మ్యాచ్ పడిన శుక్రవారం నాడు కుక్కల పందాలున్నాయి. పందాలు ఆపం అన్నారు. ప్రపంచ కప్ మ్యాచే వైట్ సిటీ అనే వేరే స్టేడియానికి వెళ్లింది.

ఇండియాకి వెంబ్లీతో సంబంధం ఉందా?

ఉంది, అదీ మామూలుది కాదు. 1948 ఒలింపిక్స్‌కి వెంబ్లీయే ముఖ్య వేదిక. యుద్ధం ముగిసి మూడేళ్లయింది, బ్రిటన్‌లో ఇంకా రేషన్ నడుస్తోంది. కొత్త స్టేడియం కట్టే స్తోమత లేదు. కుక్కలు పరిగెత్తే చోట బొగ్గు చిట్టెంతో రన్నింగ్ ట్రాక్ వేశారు. స్టేషన్ నుంచి స్టేడియానికి వెళ్లే ఒలింపిక్ వే అనే దారి వేయడానికి జర్మన్ యుద్ధ ఖైదీలను వాడారు.

ఆగస్టు 12న హాకీ ఫైనల్. ఇండియాకి ప్రత్యర్థి ఎవరో కాదు, బ్రిటనే. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండడానికి ఇంకా మూడు రోజులుంది. వాన పడి నేల బరువెక్కింది. కిషన్ లాల్ కెప్టెన్. 4-0. బల్బీర్ సింగ్ రెండు కొట్టాడు, త్రిలోచన్ సింగ్, ప్యాట్ జాన్సెన్ చెరొకటి. అంతకుముందు 1928, 1932, 1936లో గెలిచినప్పుడు ఎగిరింది బ్రిటిష్ ఇండియా జెండా. మన జెండా ఎగిరిన మొదటి బంగారం ఇదే. ఎగిరింది ఎక్కడ? ఎంపైర్ స్టేడియంలో.

మా నాన్నగారు హైస్కూల్లో హాకీ ఆడినవారు. ఇక్కడికి వచ్చినప్పుడు స్టేడియం టూర్‌కి తీసుకెళ్లాను. గైడ్ గంటసేపు ఫుట్‌బాల్ గురించే చెప్పాడు. ఆయన ఓపిగ్గా విని, మైదానం అంచుకి వచ్చాక నా వైపు తిరిగి, "ఒరేయ్, హాకీ ఆడింది ఎక్కడరా?" అన్నారు. ఇక్కడే నాన్నా, కాకపోతే కొత్త స్టేడియం కట్టినప్పుడు నేలను నాలుగు మీటర్లు కిందికి దించారు అన్నాను. ఆయన కాసేపు లెక్క వేసుకున్నట్టు చూసి, మెల్లగా తల పైకెత్తారు. బల్బీర్ సింగ్ పరిగెత్తిన గడ్డి మా నెత్తి మీద రెండు నిలువుల ఎత్తున గాల్లో ఉండాలి. ఆ గాలికేసి చూస్తూ నిలబడ్డారు. గైడ్‌కి అర్థం కాక తనూ పైకి చూశాడు.

1966 ఫైనల్లో ఆ బంతి గీత దాటిందా లేదా?

నన్నడక్కండి. జర్మనీవాళ్లని అడిగితే ఒక జవాబు, ఇంగ్లండ్‌వాళ్లని అడిగితే ఇంకో జవాబు. ఎక్స్‌ట్రా టైమ్‌లో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి పైకర్రకి తగిలి కిందపడింది, గోల్ ఇచ్చారు, చివరికి ఇంగ్లండ్ 4-2తో గెలిచింది. ఇంగ్లండ్ పురుషుల జట్టుకి ఇప్పటికీ అదొక్కటే ప్రపంచ కప్. ఆ పైకర్రను కొత్త స్టేడియంలో ప్రదర్శనకి పెట్టారు. ఎంత దగ్గర్నుంచి చూసినా అది సాక్ష్యం మాత్రం చెప్పదు.

అంత చరిత్ర ఉన్నదాన్ని పడగొట్టడానికి మనసెలా ఒప్పింది?

ఎక్కువమంది అడిగేది ఇదే, అడిగేటప్పుడు గొంతులో కాస్త నిష్టూరం కూడా ఉంటుంది. నా జవాబు సూటిగా చెప్తాను: పాత వెంబ్లీ కోసం బాధపడేవాళ్లలో చాలామంది దాని బాత్రూమ్‌కి వెళ్లనివాళ్లే.

బయటినుంచి చూస్తే టవర్లు, గుమ్మటాలు. లోపల కథ వేరు. పైకప్పును మోసే స్తంభాలు సీట్ల మధ్యలో ఉండేవి, కొన్ని సీట్లలో కూర్చుంటే గోల్ సగమే కనపడేది. కుక్కల ట్రాక్ వల్ల జనానికీ మైదానానికీ మధ్య బోలెడు దూరం. వెనక వరుసలో ఉన్నవాళ్లకి ఆటగాళ్లు అగ్గిపుల్లల్లా కనిపించేవారు. మరుగుదొడ్లు చాలక జరిగే భాగోతం గురించి పాతవాళ్లు చెప్పే కథలు భోజనానికి ముందు వినకూడదు.

1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగింది. 97 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత వచ్చిన టేలర్ నివేదిక, పెద్ద గ్రౌండ్లలో నిలబడి చూసే పద్ధతి పోవాలి, ప్రతి మనిషికీ సీటు ఉండాలి అంది. లక్షమంది నిలబడే లెక్కన కట్టిన వెంబ్లీలో సీట్లు ఇరికిస్తే సుమారు 80 వేలకు దిగింది, మోకాళ్లు ముందు సీటుకి గుద్దుకునేవి. దీన్ని ఇంకా సాగదీయడం కష్టమని 1990లలోనే తేలిపోయింది. 1999లో ఎఫ్‌ఏ 10.3 కోట్ల పౌండ్లు పెట్టి స్టేడియాన్ని కొన్నది మళ్లీ కట్టడానికే.

టవర్ల మీద మాత్రం పెద్ద గొడవే నడిచింది. అవి రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నాయి. ఉంచేయండి, పక్కకి జరపండి, ముందు గేటులా వాడండి అని సలహాలు వచ్చాయి. కొత్త స్టేడియం పాతదానికన్నా చాలా పెద్దది, టవర్లున్న చోటు దాని పొట్టలోకి వచ్చేస్తుంది. పోనీ జరుపుదామంటే రాళ్లు పేర్చి కట్టినవి కావు, విడదీసి మళ్లీ పేర్చడానికి. పోతపోసిన కాంక్రీటు. నాకు వాటి మీద ప్రేమ లేక కాదు గానీ, కొత్త స్టేడియం నెత్తిన రెండు పాత టోపీలు పెట్టినట్టు ఉండేదేమో.

పాత స్టేడియంలో చివరి మ్యాచ్ ఎలా ముగిసింది?

2000 అక్టోబర్ 7. వాన. ప్రపంచ కప్ క్వాలిఫయర్, ఎదురుగా జర్మనీ. డీట్‌మార్ హామన్ దూరం నుంచి ఫ్రీకిక్ కొట్టాడు, 1-0. పాత వెంబ్లీలో చివరి గోల్ జర్మనీది. మ్యాచ్ అవగానే ఇంగ్లండ్ మేనేజర్ కెవిన్ కీగన్ రాజీనామా చేశారు. ఆ మాట ఎఫ్‌ఏ అధికారికి చెప్పింది ఎక్కడంటే, డ్రెస్సింగ్ రూమ్ పక్కన టాయిలెట్‌లో. చివరికి మళ్లీ అక్కడికే వచ్చింది కథ.

తర్వాత రెండేళ్లు స్టేడియం తాళం వేసి ఉంది. డబ్బు సర్దుబాటు కాలేదు. 2002 సెప్టెంబర్‌లో కూల్చడం మొదలైంది, 2003 తొలినాళ్లకి రెండు టవర్లూ నేలమట్టం.

ఆ వంపు అందానికా, పనికా?

పనికే. అందం కూడా వచ్చింది, అంతే.

లోపల ఒక్క స్తంభం కూడా అడ్డు ఉండకూడదు అనేది షరతు. మరి అంత పైకప్పును ఏది మోయాలి? ఆర్కిటెక్టు నార్మన్ ఫోస్టర్ సంస్థ మొదట నాలుగు పెద్ద స్తంభాలు అనుకుంది, తర్వాత వంపుకి మళ్లింది. ఈ చివర నుంచి ఆ చివరకి 315 మీటర్లు, ఎత్తు 133 మీటర్లు. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెట్టినా పైన చోటు మిగులుతుంది. ఉక్కు గొట్టాల్ని అల్లి చేసిన బుట్టలాంటిది, దాని మధ్య మందం 7 మీటర్లు, బరువు 1,750 టన్నులు. నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. బావిలో బొక్కెన లాగేవాడు వెనక్కి వాలి తాడు పట్టినట్టు, ఆ వాలుతోనే తీగలు ఉత్తరం వైపు కప్పునంతా, దక్షిణం వైపు కప్పు బరువులో 60 శాతాన్ని పట్టుకుంటాయి.

దాన్ని నేల మీద పడుకోబెట్టే తయారుచేశారు. 2004లో తీగలు కట్టి, కొన్ని డిగ్రీలు లేపడం, ఆపడం, మళ్లీ లేపడం. అలా వారాల తరబడి నిలబెట్టారు.

మొదటిది 300 రోజుల్లో అయితే, రెండోదానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?

అనుకున్నది 2003కి. తర్వాత 2006 మే, కప్ ఫైనల్‌కి అన్నారు. తెరిచింది 2007 మార్చిలో. ఒక్క కారణం కాదు, ఒకదాని మీద ఒకటి.

కాంట్రాక్టు ఆస్ట్రేలియా కంపెనీ మల్టీప్లెక్స్‌ది. 44.5 కోట్ల పౌండ్లకి కట్టిస్తాం, పెరిగినా మాదే భారం అని ఒప్పుకుంది. ఇల్లు కట్టించినవాళ్లెవరికైనా తెలుసు, మేస్త్రి గుత్త రేటుకి ఒప్పుకున్నాడంటే తర్వాత ప్రతి ఇటుక దగ్గరా గొడవే. ఇక్కడ గొడవ ఉక్కు దగ్గర వచ్చింది. వంపును నిలబెట్టిన క్లీవ్‌లాండ్ బ్రిడ్జ్ అనే ఉక్కు కంపెనీకీ మల్టీప్లెక్స్‌కీ డబ్బు దగ్గర, డ్రాయింగులు మారడం దగ్గర చెడింది. 2004లో ఆ కంపెనీ సైటు వదిలి వెళ్లిపోయింది. మిగతా పని హాలండ్ కంపెనీ చేతికి వెళ్లింది. వేరేవాడు సగం చేసిన పనిని అందుకోవడం ఎంత కష్టమో, అంత ఆలస్యం. ఈ తగువు కోర్టుల్లో ఏళ్లపాటు నడిచింది.

అదే 2004 మొదట్లో ఒక ప్లాట్‌ఫాం కూలి ఒక వడ్రంగి చనిపోయాడు, ఇంకొకరికి బాగా దెబ్బలు తగిలాయి. ఆలస్యం గురించి జోకులు వేసేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

2006 ఫిబ్రవరిలో, ఈ ఏడాది ఫైనల్ మళ్లీ కార్డిఫ్‌లోనే అని ఎఫ్‌ఏ చేతులెత్తేసింది. వేల్స్ రాజధానిలో ఇంగ్లండ్ కప్ ఫైనల్, అదీ వరసగా ఆరో ఏడు. మార్చిలో పైకప్పు దూలం ఒకటి జారింది, మూడు వేలమంది పనివాళ్లను బయటికి పంపేశారు. ఆ వెంటనే స్టేడియం కింద మురుగు పైపులు నేల కదలికకి వంకరపోయాయని బయటపడింది. వాట్కిన్ టవర్ కూడా కుంగింది ఆ చోటే కదా అని గుర్తుచేస్తే ఇక్కడివాళ్లు నవ్వుతారు గానీ, ఆ నవ్వులో కొంచెం భయం కూడా ఉంటుంది. ఆ వేసవిలో బుక్ అయిన కచేరీలు వేరే చోట్లకి మారిపోయాయి.

మొత్తం ఖర్చెంత? ఎవరి డబ్బు?

స్థలం, అప్పుల ఖర్చు అన్నీ కలిపితే దాదాపు 80 కోట్ల పౌండ్లు. అందులో 12 కోట్లు లాటరీ నిధుల నుంచి వచ్చాయి, మిగతాది ఎక్కువగా బ్యాంకు అప్పు. గుత్త రేటు ఒప్పుకున్న మల్టీప్లెక్స్ భారీగా నష్టపోయింది. ఎఫ్‌ఏ అప్పు తీర్చడానికి మధ్య అంతస్తులో సుమారు 17 వేల ఖరీదైన సీట్లను ఏళ్ల లెక్కన ముందే అమ్ముకుంది. టీవీలో చూస్తే సెకండాఫ్ మొదలైనా మధ్యలో ఎర్ర సీట్లు ఖాళీగా కనిపిస్తాయి. అవే ఇవి. ఆ సీట్లవాళ్లు లోపల ఇంకా తింటూ ఉంటారు.

తెరిచాక అంతా బాగుందా?

ముందు 2007 మార్చి 24న అండర్-21 మ్యాచ్ పెట్టారు, ఇంగ్లండ్, ఇటలీ 3-3. మొదటి గోల్ అర నిమిషం కూడా కాకముందే ఇటలీ కుర్రాడు పాజ్జినీ కొట్టాడు, ఆఖరికి హ్యాట్రిక్ కూడా అతనిదే. మేలో కప్ ఫైనల్, చెల్సీ 1-0తో మాంచెస్టర్ యునైటెడ్ మీద గెలిచింది, గోల్ ద్రోగ్బాది.

బాగాలేనిది గడ్డి. 80 కోట్లు పెట్టి కట్టినదాంట్లో గడ్డి సరిగా మొలవలేదు. స్టాండ్లు బాగా ఎత్తు, నేలేమో కిందికి దించారు. ఎండ పడదు, గాలి ఆడదు. పైగా అప్పు తీరాలి కాబట్టి కచేరీలు, అమెరికన్ ఫుట్‌బాల్, ఆఖరికి కార్ల రేసు కూడా పెట్టారు. మొదటి మూడేళ్లలో పదిసార్లు గడ్డి మార్చారు. ఆటగాళ్లు జారిపడుతుంటే మేనేజర్లు బహిరంగంగా తిట్టారు. 2010లో మామూలు గడ్డిలో ప్లాస్టిక్ పోగులు కుట్టే పద్ధతికి మారాక గానీ నేల కుదుటపడలేదు.

వాన పడితే పైకప్పు మూసేస్తారా?

పూర్తిగా మూయరు. ప్రతి సీటు మీదా కప్పు ఉంటుంది, మైదానం మీద ఉండదు. దక్షిణం వైపు పలకలు వెనక్కి జరుగుతాయి. అది వాన కోసం కాదు, గడ్డికి ఎండ కోసం.

మరుగుదొడ్లు ఇప్పుడైనా సరిపోతున్నాయా?

2,618 పెట్టారు. అప్పట్లో ప్రపంచంలో ఏ స్టేడియానికీ ఇన్ని లేవని గొప్పగా చెప్పుకున్నారు. చెప్పుకోవాల్సిందే, అంత అనుభవించారు.

ఆటలు కాకుండా ఇంకేం జరుగుతాయి?

మన తరానికి వెంబ్లీ అంటే మైకేల్ జాక్సన్. 1988లో ఏడు రాత్రులు, మొత్తం 5,04,000 మంది. అంతకుముందు 1985 జూలై 13న ఆఫ్రికా కరువు బాధితుల కోసం లైవ్ ఎయిడ్ కచేరీ, 72,000 మంది. అవి రెండూ పాత స్టేడియంలో. కొత్తదాంట్లో 2024లో టేలర్ స్విఫ్ట్ ఎనిమిది రాత్రులు, 2025లో కోల్డ్‌ప్లే పది. 2015 నవంబర్‌లో ప్రధాని మోదీ సభకి 60 వేలమంది దాకా వచ్చారు. ఆ రోజు వెంబ్లీ పార్క్ స్టేషన్ మెట్ల మీద చీరలు, షేర్వానీలు తప్ప ఫుట్‌బాల్ జెర్సీ ఒక్కటి కనపడలేదు.

2021లో గొడవ జరిగిందట, అంత కొత్త స్టేడియంలో ఎలా?

కరోనా వల్ల ఏడాది వాయిదాపడ్డ యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్పు) ఫైనల్, జూలై 11, ఇంగ్లండ్‌కి ఇటలీకి. సీట్లలో కొంత భాగానికే అనుమతి. లోపల ఖాళీలున్నాయని టికెట్ లేనివాళ్లకీ తెలుసు. సుమారు రెండు వేలమంది గేట్లు తోసుకుని లోపలికి దూరారు. వికలాంగుల కోసం పెట్టిన దారుల్ని కూడా వదల్లేదు. ప్రాణాలు పోకపోవడం అదృష్టమే అని తర్వాత వచ్చిన విచారణ నివేదిక చెప్పింది. 1923కీ 2021కీ మధ్య స్టేడియం మారింది, గేటు దగ్గర జనం మాత్రం అదే జనం. ఈసారి గుర్రం కథ కూడా పుట్టలేదు. ఇటలీ పెనాల్టీల్లో గెలిచింది.

మర్నాటేడు అదే చోట ఇంగ్లండ్ మహిళలు 87,192 మంది ముందు జర్మనీని 2-1తో ఓడించి యూరో కప్పు ఎత్తారు. ఆ సాయంత్రం స్టేషన్ దారంతా చిన్నపిల్లలే, బుగ్గల మీద జెండా రంగులు.

చూడ్డానికి ఎలా వెళ్లాలి?

వెంబ్లీ పార్క్‌లో దిగండి. మెట్ల మీద నిలబడితే ఒలింపిక్ వే చివర స్టేడియం ఎదురుగా కనిపిస్తుంది. మొదటిసారి వచ్చేవాళ్లు ఈ దారినే రావాలి. లండన్‌లోని మేరిల్‌బోన్ స్టేషన్ నుంచి వచ్చే రైలుకి వెంబ్లీ స్టేడియం అనే వేరే స్టేషన్ ఉంది, దగ్గరే. మ్యాచ్ లేని రోజుల్లో టూర్ ఉంటుంది, ముందే బుక్ చేసుకోండి. కప్పు అందుకోడానికి పాత స్టేడియంలో 39 మెట్లు ఎక్కేవారు, ఇప్పుడు 107. పెద్దవాళ్లతో వెళ్తే ఆ సంగతి ముందే చెప్పండి. మ్యాచ్ రోజు పెద్ద బ్యాగులు పట్టుకెళ్లొద్దు, గేటు దగ్గర ఆపేస్తారు. ఆకలేస్తే స్టేడియం లోపల కొనకండి, ఈలింగ్ రోడ్డుకి నడవండి. గుజరాతీ కొట్లు ఎక్కువ, దోసె కూడా దొరుకుతుంది.

పాత టవర్ల ముక్క ఏదైనా మిగిలిందా?

ఒక టవర్ నెత్తిన ఉండే కాంక్రీటు కిరీటం మిగిలింది. స్టేడియానికి కొంచెం దూరంలో సెయింట్ రాఫెల్స్ ఎస్టేట్ అనే ఇళ్ల మధ్య చిన్న పార్కులో పెట్టారు. పిల్లలు దాని పక్కనే బంతి ఆడుకుంటుంటారు, అదేంటో వాళ్లకి తెలియదు.

మిగతా తుక్కులో కొంత నార్తోల్ట్ వైపు వెళ్లింది. ఏ40 హైవే పక్కన నార్తాలా ఫీల్డ్స్ అని పార్కు ఉంది, నాలుగు గుండ్రటి మట్టి గుట్టలు. ఆ గుట్టల లోపల ఉన్నది పాత కట్టడాల రాళ్లూ రప్పలూ, అందులో వెంబ్లీ తుక్కు కూడా ఉంది. హాకీ ఆడిన చోటు గాల్లో ఉందని తెలిసిన మర్నాడు నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లాను. పెద్ద గుట్టకి చుట్టూ మెలికలు తిరుగుతూ దారి ఉంటుంది, మెల్లగా ఎక్కాం. పైన గాలి కొడుతోంది. తూర్పుగా చూస్తే ఇళ్ల కప్పుల మీదుగా వెంబ్లీ వంపు సన్నగా, గాజుముక్కలా కనిపిస్తోంది. ఆయన దాన్ని చూసి, కాలి కింద నేలను చెప్పుతో రెండుసార్లు తట్టి, "అయితే మనం స్టేడియం మీద నిలబడి స్టేడియాన్ని చూస్తున్నామన్నమాట" అన్నారు. తర్వాత బెంచీ మీద కూర్చుని, ఫ్లాస్క్‌లో టీ ఇమ్మన్నారు.